ఆగిపోయే హక్కు

కారు నడుస్తుండగా చక్రం దగ్గరి స్ప్రింగు విరిగితే ఏం చెయ్యాలని పని తెలిసిన ఏ మెకానిక్‌ని అడిగినా ఒకటే మాట చెబుతాడు. బండి ఆపండి. దిగి రోడ్డుకి ఎడంగా నిలబడండి. రికవరీ బండి వచ్చేదాకా ఎదురు చూడండి. దాన్ని నడుపుకుంటూ మాత్రం పోకండి.

ఆపడం, నిలబడడం, ఎదురుచూడడం. ఎంత మామూలు మాటలు! ఇందులో ఆడా మగా తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ మన చుట్టూ ఉన్న ఏ ఆడమనిషినైనా అడిగి చూడండి. చిన్నప్పటినుంచీ ఆమెకి నూరిపోసిన జాగ్రత్తలు సరిగ్గా వీటికి తలకిందులుగా ఉంటాయి. దారిలో ఎక్కడా ఆగకు. ఒక్కదానివే నిలబడకు. పొద్దుగూకే లోపల ఇల్లు చేరు. బండి కోరే జాగ్రత్త ఒకటి, ఆడపుట్టుకకి లోకం నేర్పిన జాగ్రత్త మరొకటి. రెండూ ప్రాణం కాపాడుకోవడానికే. రెండూ ఒక్కసారే పాటించడం కుదరనప్పుడు ఏది పాటించాలి? ఆ ఇరకాటంలో ఎవరైనా వచ్చి సాయం చేస్తానంటే నమ్మాలా వద్దా? నమ్మకపోతే ఆ మనిషికి అన్యాయం చేసినట్టేనా?

ఇరవై ఎనిమిదేళ్ళు కాలేజీలో తర్కమూ నీతిశాస్త్రమూ పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్నలు ఏ సిలబస్‌లోనూ లేవు. నాకివి హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద ఎదురయ్యాయి.

ముందు స్ప్రింగు సంగతి చెప్పాలి. లారీలకి కమాను కట్టలుంటాయి, అందరం చూసే ఉంటాం. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల దగ్గర చుట్టలు చుట్టిన ఉక్కు స్ప్రింగులుంటాయి. బండి బరువు వాటి మీదే ఆగుతుంది. గుంత వస్తే నొక్కుకుని, దాటగానే మళ్ళీ సాగి, టైరుని రోడ్డుకి అంటిపెట్టి ఉంచుతాయి. లోపలున్నవాళ్ళకి కుదుపు అంతగా తెలియదు. ఎంత బరువు పడితే అంతకు తగ్గట్టే నొక్కుకుంటుందనే సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో వివరించాడు. అయితే ఆ సూత్రం ఒక హద్దు లోపలే పనిచేస్తుంది. పైన రంగు లేచిపోయిన చోట తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చోట వెంట్రుకంత పగులు మొదలవుతుంది. గుంత గుంతకీ అది కొంచెం కొంచెం లోపలికి పాకుతుంది. ఒకరోజు చెప్పుకోదగ్గ కారణమేమీ లేకుండానే టంగుమని విరుగుతుంది. తరచుగా విరిగేది బురదా నీళ్ళూ చేరే అడుగు చుట్టే. బయటికి కనపడని చోటు.

ఇక్కడే ఉంది అసలు ప్రమాదం. స్ప్రింగు విరిగినా కారు కదులుతుంది! ఒక మూల కిందికి కుంగుతుంది, స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది, లోపలెక్కడో గీరుకుంటున్న చప్పుడు వస్తుంది. కానీ కదులుతుంది. చాలా కార్లలో ఆ విరిగిన కొసకీ టైరుకీ మధ్య దూరం కొద్ది వేళ్ళ మందమే. కొస జారి టైరుని కోసిందంటే వేగంలో ఉన్న బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే నడపొద్దంటారు. తాడు కట్టి లాగించొద్దనీ, నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించి తీసుకుపోవడమే మేలనీ అంటారు.

కానీ “కదులుతోంది కదా” అనే వాదనకి మన ఇళ్ళల్లో ఉన్న బలం అంతా ఇంతా కాదు. కాపురం కదులుతోంది కదా, ఉద్యోగం సాగుతోంది కదా, ఒంట్లో బాగోలేకపోయినా పని జరుగుతోంది కదా. కదులుతున్నదాన్ని ఆపాలంటే ఆపేవాళ్ళే కారణం చెప్పుకోవాలి. నడిపించమనేవాళ్ళని కారణం ఎవరూ అడగరు.

2022 డిసెంబరులో ఒక సాయంత్రం నేనూ మా అత్తయ్యగారూ హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాం. కారు నేను నడుపుతున్నాను. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళకీ ఆపరేషను అయింది. కొర్లపహాడ్ టోల్ గేటు దాటి సూర్యాపేట వైపు కొంతదూరం వచ్చాక ఒక గుంతలో పడ్డాం. ముందు ఎడం చక్రం దగ్గర టంగుమంది. ఆ వైపు కారు కుంగింది. బాగా ఎడమకి తీసి ఆపాను. ఇండికేటర్లన్నీ వేశాను. డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీసి, వెనక్కి నడిచి, అరవై డెబ్భై అడుగుల దూరంలో పెట్టాను. అత్తయ్యగారిని ఎడం వైపు తలుపులోంచి దింపి, ఇనప కమ్మీకి అవతల వేపచెట్టు కింద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను. సెల్‌ఫోను లైటు వేసి చక్రం వెనక చూస్తే విరిగిన కొస కనపడింది. అప్పటికి టైం ఐదున్నర. డిసెంబరులో ఐదున్నరంటే ఇక పొద్దు లేనట్టే.

ఇన్సూరెన్సు వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అవతల ఒక కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“మేడమ్, సార్‌కి ఒకసారి ఫోన్ ఇస్తారా?”

“సార్ ఎవరూ లేరు. బండి నాదే, నడిపింది నేనే. ముందు ఎడం వైపు స్ప్రింగు విరిగింది. ఫ్లాట్‌బెడ్ పంపండి.”

“బండి కదులుతోందా మేడమ్?”

“కదులుతుంది, కదపకూడదు.”

“పంక్చర్ అయ్యుంటుందేమో మేడమ్. ముందు మెకానిక్‌ని పంపిస్తాం, చూసి చెప్తాడు.”

విరిగిన ముక్క నా కళ్ళెదురుగా ఉంది. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మెకానికే అన్నాడు. విజయవాడలో ఉన్న మా మరిదికి ఫోన్ చేసి విషయం చెప్పాను. అతను అదే నంబరుకి చేసి, నేను చెప్పిన మాటలే అప్పజెప్పాడు. ఐదు నిమిషాల్లో ఫ్లాట్‌బెడ్ బయల్దేరిందని మెసేజి వచ్చింది. అతను కారుని చూడలేదు. నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. చూసిన మనిషి మాట చెల్లలేదు, విన్న మనిషి మాట చెల్లింది.

మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో ఇలాంటి అన్యాయం గురించే ఒక పుస్తకం రాసింది. మాట్లాడుతున్న మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆ మాటకి ఇవ్వాల్సిన నమ్మకాన్ని తగ్గించి ఇవ్వడం కేవలం అమర్యాద కాదనీ, ఒక విషయం తెలిసిన మనిషిగా ఆమె స్థానాన్నే కాదనడమనీ ఆమె అంటుంది. ఆ కుర్రవాడు నన్ను అవమానించాలనుకోలేదు. కారు గురించి ఆడవాళ్ళకి తెలియదనే సంగతి అతనికి అనుమానం లేని సత్యం, అంతే. నా వరకు ఆ సత్యం ఖరీదు చీకట్లో ఇంకో అరగంట.

మా మరిది ఇంకోమాట కూడా అన్నాడు. “వదినా, కదుల్తోందంటున్నారు కదా. ఇరవైలో మెల్లగా సూర్యాపేట దాకా తోలుకొచ్చేయండి. చీకట్లో మీరిద్దరే అక్కడెందుకు?” అతనికి కార్ల గురించి బాగా తెలుసు. ఆ స్థితిలో నడపకూడదనీ తెలుసు. తనే అక్కడ ఉంటే నడిపేవాడు కాడు. మమ్మల్ని మాత్రం నడపమన్నాడు. ప్రేమ లేకనా? కాదు. అతని లెక్కలో రెండు ప్రమాదాలున్నాయి. టైరు పేలే ప్రమాదం ఒకటి, ఇద్దరు ఆడవాళ్ళు చీకట్లో రోడ్డు పక్కన నిలబడే ప్రమాదం ఒకటి. రెండోది పెద్దదనిపించింది అతనికి. మగవాడైతే ఆ తూకంలో రెండో పళ్ళెం దాదాపు ఖాళీ. బండి ఏది కోరితే అది చేస్తాడు. ఆడవాళ్ళం మాత్రం విరిగిన స్ప్రింగునీ, విరగని లోకాన్నీ పక్కపక్కన పెట్టి తూచుకోవాలి.

“ఆపి ఎదురుచూడండి” అనే సలహా అబద్ధం కాదు. కాకపోతే ఎదురుచూడడం ప్రమాదం కాని మనిషిని మనసులో పెట్టుకుని తయారైన సలహా అది. అది ఫలానావాళ్ళ సలహా అని ఎక్కడా రాసి ఉండదు. అందరిదీ అన్నట్టే ఉంటుంది. స్త్రీవాదం మనకి నేర్పిన మొదటి పాఠం ఇదే కదా, “అందరి” అని రాసి ఉన్నచోట ఆ అందరూ ఎవరని అడగడం.

ఆరు దాటాక ఒక లారీ మా కారు వెనకాల వచ్చి ఆగింది. డ్రైవరుకి యాభై ఏళ్ళుంటాయి. దిగి రెండడుగులు వేసి, మేమిద్దరమే ఉన్నామని చూడగానే అక్కడే ఆగిపోయాడు. పది గజాల దూరంనుంచి గట్టిగా అడిగాడు.

“ఏమైందమ్మా?”

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. చెప్పాను. అక్కడినుంచే వంగి కారు కుంగిన వైపు చూశాడు.

“స్ప్రింగే పోయింది. నడపకండమ్మా, టైరు కోసుకుపోద్ది.”

ఆ సాయంత్రం నా మాట విని సరేనన్న మొదటి మనిషి అతను. “బండి వస్తోంది. మా వాళ్ళు కూడా వస్తున్నారు,” అన్నాను. మా వాళ్ళెవరూ రావడం లేదు. అతనికి అది అర్థమయిందనే నా నమ్మకం. “మంచిదమ్మా,” అని వెనక్కి వెళ్ళాడు. రెండు కొమ్మలు విరిచి రోడ్డు మీద లారీకి వెనకగా వేశాడు. క్యాబిన్లోకి ఎక్కి కూర్చున్నాడు. లైట్లు వేసి ఉంచాడు. వెళ్ళిపోలేదు!

నలభై నిమిషాలు. ఆ లారీ మాకు అడ్డుగోడ. వెనకనుంచి నిద్రమత్తులో దూసుకొచ్చే ఏ బస్సయినా ముందు దాన్ని గుద్దాల్సిందే. అదే లారీ రోడ్డు మీద పోయేవాళ్ళకి మేం కనపడకుండా చేసిన తెర కూడా. అత్తయ్యగారు నెమ్మదిగా అడిగారు, “ఎందుకున్నాడమ్మా ఇంకా?” ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. రెండింటికీ సాక్ష్యం ఒకటే, అతను వెళ్ళకుండా ఉండడం. ఫ్లాట్‌బెడ్ వచ్చి ఆగాక ఒకసారి హారను కొట్టి వెళ్ళిపోయాడు. పేరు తెలియదు. నలభై నిమిషాలు మమ్మల్ని కాపాడిన మనిషిని ఆ నలభై నిమిషాలూ అనుమానిస్తూనే గడిపాం.

ఇది మా తప్పా? నేను కాదనే అంటాను. ఎందుకో చెప్పాలి.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ గేటు పక్కన ఒక యువ పశువైద్యురాలు స్కూటీ టైరులో గాలి లేక ఆగిపోయింది. ఆ గాలి తీసినవాళ్ళూ, బాగు చేయిస్తామని వచ్చినవాళ్ళూ ఒకరే. భయంగా ఉందని ఆమె చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది. దిశ అని మనం పిలుచుకుంటున్న ఆ అమ్మాయి మరణం తర్వాత అప్పటి తెలంగాణ హోంమంత్రి, చదువుకున్న అమ్మాయి చెల్లెలికి బదులు 100కి ఫోన్ చేసి ఉండాల్సిందన్నారు. కూతురు కనపడటం లేదని వెళ్ళిన తల్లిదండ్రులకి ఇది మా స్టేషను పరిధి కాదని చెప్పింది మాత్రం పోలీసులే. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న నిందితులు నలుగురినీ కాల్చి చంపారు. అది ఆత్మరక్షణ కోసం జరిగింది కాదనీ, చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. టోల్ గేటు పక్కన ఆగిపోయిన ఆడమనిషికి భద్రత ఏదన్న ప్రశ్న ఆ తుపాకుల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆ ప్రశ్న ఈనాటికీ అక్కడే ఉంది.

2020 సెప్టెంబరులో లాహోర్–సియాల్‌కోట్ మోటార్‌వే మీద పెట్రోలు అయిపోయి ఆగిన ఒక తల్లి మీద, ఆమె పిల్లల ఎదుటే అత్యాచారం జరిగింది. ఆమె ఫోన్ చేసి సాయం అడిగింది, వచ్చేదాకా ఎదురుచూసింది. చెప్పినట్టే చేసింది! లాహోర్ పోలీసు అధిపతి ఆమె అంత రాత్రి ఎందుకు బయల్దేరిందనీ, పెట్రోలు ఎందుకు చూసుకోలేదనీ, వేరే దారిన ఎందుకు పోలేదనీ అడిగాడు. నిరసనలు వచ్చాక క్షమాపణ చెప్పాడు. సరిహద్దుకి ఇటూ అటూ ఒకే పాట. ఆగిపోయిన స్త్రీ ఆగిపోయినందుకు జవాబు చెప్పుకోవాలి.

న్యూజిలాండ్‌లో పుట్టిన తత్వవేత్త ఆనెట్ బేయర్ 1986లో నమ్మకం గురించి ఒక వ్యాసం రాసింది. నమ్మడమంటే, మనకి హాని చేయగల స్థితిలో ఉన్న మనిషి ఆ పని చెయ్యడనుకుని అతని చేతికి మనల్ని అప్పగించుకోవడం. పేరుమోసిన నీతిశాస్త్రవేత్తలు సమానుల మధ్య జరిగే ఒప్పందాల గురించి రాసినంతగా అసమానుల మధ్య నమ్మకం గురించి రాయలేదనీ, వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు కావడానికీ దీనికీ సంబంధం ఉందనీ ఆమె గుర్తుచేసింది. రోడ్డు పక్కన మాకూ ఆ డ్రైవరుకీ మధ్య ఏ ఒప్పందమూ లేదు. అతను తప్పుగా అర్థం చేసుకుంటే కొంచెం నొచ్చుకుంటాడు. మేం తప్పుగా అర్థం చేసుకుంటే ప్రాణం పోతుంది. పందెం ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నచోట నమ్మకపోవడాన్ని దుర్గుణం అనలేం. నమ్మకం మనిషి మంచితనంలోంచి మాత్రమే పుట్టదు, తప్పు జరిగితే అడిగే దిక్కు ఉన్నప్పుడు కూడా పుడుతుంది. ఆ దిక్కు లేనిచోట నమ్మమని స్త్రీలకి ఉపదేశించడం వాళ్ళ ప్రాణంతో వేరేవాళ్ళు ఔదార్యం చేయడం.

కానీ ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. మా అనుమానం తప్పు కాకపోయినా అతనికి నష్టమే. ఒక మంచిపని చేసి, చేసినవాడిగా గుర్తింపు లేకుండా పోయాడు. పైగా మన అనుమానం అందరి మీదా సమానంగా పడుతుందా అని కూడా అడగాలి. అదే చోట తెల్లచొక్కా వేసుకున్న మనిషి, పెద్ద కారులోంచి, భార్యాపిల్లలతో దిగి పలకరించి ఉంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకునేవారా? దిశ ఘటన తర్వాత లారీవాళ్ళంతా ఒకే గాటన కట్టబడ్డారు. లుంగీ, చెమట, యాస, ఒంటి రంగు చూసి పుట్టే భయంలో స్త్రీగా మనం నేర్చుకున్నదెంత, మన కులమూ తరగతీ నేర్పినదెంత? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు ఏటా ఒకటే చెబుతున్నాయి. అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. అంటే దారిలో ఆగకు, ఇంటికి రా అని పిలిచే ఆ ఇల్లూ, ఆ బంధువులూ, ఆ ఇరుగుపొరుగూ లోకం చెప్పినంత భద్రం కాదు. ముక్కూ మొహం తెలియని పేదవాడిని భయానికి గుర్తుగా నిలబెట్టడం వల్ల లాభం ఎవరికి? తెలిసినవాళ్ళ వైపు ఎవరూ చూడకుండా ఉండాలనుకునేవాళ్ళకి.

మరి ఆ డ్రైవరుకి మేం ఏం బాకీ? గుడ్డిగా నమ్మడం కాదు. మాతో సరిసమానంగా అతను కూడా కోరదగిన ఒక ఏర్పాటు బాకీ. మంచి సాయం ఎలా ఉంటుందో అతనే చూపించాడు. దగ్గరికి రాలేదు. కారు తలుపు ముట్టుకోలేదు. ఎక్కమనలేదు. నా మాటని నా మాటగా తీసుకున్నాడు. తన చేతిలో ఉన్న బలాన్ని తనంతట తనే తగ్గించుకుని, మిగిలినదాన్ని మాకు అడ్డుగా పెట్టాడు.

ఫ్లాట్‌బెడ్ తెచ్చిన కుర్రవాడూ అంతే. పని తెలిసినవాడు. కుంగిన బంపరు ర్యాంపుకి తగలకుండా ముందు చెక్కపలకలు వేశాడు. ఇనప తాడు తగిలించి అంగుళం అంగుళం పైకి లాగాడు. గొలుసులు స్ప్రింగు దగ్గరి భాగాలకి కాకుండా, పట్టీలు టైర్ల మీదుగా వేసి బిగించాడు. అత్తయ్యగారు కాళ్ళు నొప్పులని కారులోనే కూర్చుంటానంటే, “ఎక్కించిన బండిలో మనుషులుండకూడదమ్మా,” అని ఒప్పుకోలేదు. క్యాబిన్లోకి ఎక్కేముందు తన గుర్తింపు కార్డు తీసి లైటు కింద పట్టుకుని, “ఫొటో తీసి ఇంటికి పంపండక్కా, బండి నంబరు కూడా,” అన్నాడు. నన్ను అనుమానిస్తున్నారా అని మొహం ముడుచుకునే పెద్దమనుషులని చాలామందిని చూశాను. అనుమానానికి కారణం తను కాదనీ, దాన్ని తీర్చే చిన్నపని తన చేతిలో ఉందనీ ఈ కుర్రవాడికి తెలుసు.

అయితే లారీ మీదికి ఎక్కించకముందు అతను కారుకి నాలుగు వైపులా ఫొటోలు తీశాడు. ఎక్కడ గీత ఉందో, ఎక్కడ సొట్ట ఉందో కాగితం మీద రాసి నాచేత సంతకం పెట్టించుకున్నాడు. దారిలో కారుకి ఏమైనా అయితే ఎవరు బాధ్యులో ఆ కాగితం చెబుతుంది. ఆ పక్కనే నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ గురించి ఏ కాగితమూ లేదు. నా పాలసీలో బండిని గ్యారేజీ చేర్చడం గురించి ఉంది, మనుషులని ఇల్లు చేర్చడం గురించి లేదు. వస్తువు భద్రతకి పద్ధతులున్నాయి. మా భద్రత అతని మంచితనం మీద నడిచింది. అతను మంచివాడు కావడం మా అదృష్టం. అదృష్టం ఏర్పాటు కాదు కదా.

చట్టాన్ని చూసినా ఇదే వరస. రోడ్డు ప్రమాదంలో చిక్కుకున్నవాళ్ళకి సాయం చేసినవారిని పోలీసులూ కోర్టులూ వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలని ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. మంచిదే. సాయం చేసేవాడి భయాన్ని చట్టం గుర్తించింది. సాయం అందుకునే మనిషి భయం సంగతి? జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరు ఉంది, అత్యవసరానికి 112 ఉంది. ఆ నంబర్లు ప్రతి ఆడపిల్ల ఫోన్‌లోనూ ఉండాలి, నా ఫోన్‌లోనూ ఉన్నాయి. కానీ అవతల ఫోన్ ఎత్తిన మనిషి సార్‌ని పిలవమంటే నంబరు ఏం చేస్తుంది?

ఇక్కడ కొందరు మిత్రులు అనే మాట ఒకటుంది. ఆడవాళ్ళు బండి పని కూడా నేర్చుకుంటే ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు కదా అని. నేర్చుకోవాల్సిందే. కానీ స్ప్రింగుని రోడ్డు పక్కన ఎవరూ మార్చలేరు. బలంగా నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే మనిషిని చంపగలదు. దానికి తగిన పనిముట్టూ షెడ్డూ కావాలి. మార్చేటప్పుడు కూడా రెండో వైపుది కలిపి జంటగా మార్చడమే పద్ధతి. ఎంత పని తెలిసిన మగవాడైనా ఇంకొకరి కోసం ఎదురుచూడాల్సిందే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులని వెంటబెట్టుకుని, భర్తకి చెప్పకుండా, అతను తయారుచేసిన మోటారు బండిని మ్యాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్లకి పైగా నడిపింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఆమె ఒంటరి సాహసం గురించే అందరూ చెబుతారు. కానీ ఇంధనం అయిపోతే ఆమె ఒక మందుల దుకాణంలో కొనుక్కుంది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టే అతనిచేత తోలు వేయించుకుంది. దారిలో ఆగి, తెలియనివాళ్ళని అడిగి, వాళ్ళు చేసిపెడితే ముందుకి వెళ్ళగలగడం ఆ ప్రయాణంలో సగం. స్వేచ్ఛంటే ఎవరి మీదా ఆధారపడకపోవడం అనుకుంటాం. నాకు మాత్రం భయం లేకుండా ఆధారపడగలగడమే స్వేచ్ఛ అనిపిస్తోంది.

1905లో బేగం రొకేయా రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథలో ఒక అమ్మాయి కలలో పరదా లేకుండా వీధిలో నడవడానికి బిడియపడుతుంది. ఆ దేశంలో మగవాళ్ళే ఇంట్లో ఉంటారు, స్త్రీలు నిర్భయంగా బయట తిరుగుతారు. హాని చేసేవాళ్ళని వదిలి హాని చెయ్యనివాళ్ళని బంధించడం ఏం న్యాయమని ఆ కథ అడుగుతుంది. మగవాళ్ళని ఇళ్ళల్లో పెట్టమని ఇవాళ మనమెవరమూ అడగడం లేదు. కానీ ఆ ప్రశ్న పదును తగ్గలేదు. భద్రత పేరుతో ఎవరి కదలికలు తగ్గుతున్నాయో చూస్తే ఆ భద్రత ఎవరిదో తెలుస్తుంది.

ముంబయి స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ‘వై లాయిటర్?’ అనే పుస్తకం తెచ్చారు. స్త్రీ వీధిలో కనపడాలంటే ఆమెకో పని ఉండాలి, ఆ పని అందరికీ కనపడాలి, అప్పుడే సహిస్తారంటారు వాళ్ళు. వాళ్ళు అడిగింది పనిలేకుండా తిరిగే హక్కు. నేను దానికి ఇంకొకటి కలపాలనుకుంటున్నాను. కదులుతున్న కారులో ఉన్నంతసేపూ స్త్రీకి ఒక గమ్యం ఉంది, చుట్టూ నాలుగు తలుపులున్నాయి. బండి ఆగిపోయిన క్షణాన ఆమె దగ్గర గమ్యమూ లేదు, తలుపులూ లేవు. ఆ క్షణంలో కూడా ఆమె పౌరురాలిగానే ఉండాలి. మనం ఇన్నాళ్ళూ బయటికి వెళ్ళే హక్కు అడిగాం, బండి నడిపే హక్కు అడిగాం. ఆగిపోయే హక్కు కూడా అడగాలి.

అడిగితే ఏం అడుగుతాం? పెద్ద సంగతులేమీ కాదు. రోడ్డు పక్కన కొన్ని కిలోమీటర్లకొకచోట దీపం, నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్న ఆగేచోటు. ఫోన్ ఎత్తినవాళ్ళు ఎదుటి మనిషి చెప్పిందాన్ని రాసుకునే పద్ధతి. రికవరీ బండితోపాటే ఆ డ్రైవరు పేరూ ఫొటో ముందుగా ఫోన్‌కి చేరడం. బండితోపాటు మనుషులు కూడా క్షేమంగా చేరారని ఎవరో ఒకరు సంతకం పెట్టాల్సిన కాగితం. ఇవి ఉంటే ఆడవాళ్ళకి ధైర్యం. ఆ లారీ డ్రైవరులాంటి వాళ్ళకి మర్యాద. అనుమానించాల్సిన అవసరం ఎంత తగ్గితే అంతమంది మంచివాళ్ళు మంచివాళ్ళుగా కనపడతారు.

అదంతా జరిగేదాకా జాగ్రత్తగా ఉండొద్దని నేను ఎవరికీ చెప్పను. ఆడపిల్లలకి డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఎర్ర త్రికోణం ఎక్కడ పెట్టాలో నేర్పండి, విరిగిన స్ప్రింగు చప్పుడు ఎలా ఉంటుందో నేర్పండి. ఎవరైనా మెల్లగా నడిపేయమంటే నడపనని చెప్పడమూ నేర్పండి. కానీ దారిలో ఎక్కడా ఆగకు అనే మాట ఒక్కటి మాత్రం ఆ పాఠంలోంచి తీసేయండి. బండ్లు ఆగుతాయి. ఆగిపోవడం ఎవరి శీలానికీ, తెలివికీ పరీక్ష కాదు.